తల వంచుకుని రండి, కంకర ఏరుకుపోండి

అక్షరదోషాలుంటే మన్నించాలి. అరవై దాటాక ఊళ్ళో లైబ్రరీలో అక్షరాలు దిద్దినదాన్ని. చెయ్యి నిదానం. ఒక్కో వాక్యం పూర్తయ్యేలోగా కాఫీ చల్లారిపోతోంది.

అయినా ఈ మాట చెప్పక తప్పదు. పరాయివాళ్ళు మన ఇంటి ముందుకొచ్చి రాళ్ళు ఏరుకోవడం మహాభాగ్యం! ఆ భాగ్యం లేనివాళ్ళను చూస్తే నాకు జాలి.

మా సుపీరియర్ సరస్సు ఒడ్డున దోమల కన్నా అగేటు అనే రంగురాళ్ళ పిచ్చివాళ్ళు ఎక్కువ. గోరంత ఎర్ర చారల రాయి దొరికితే చాలు, పోయిన పెళ్ళి ఉంగరం దొరికినట్టు గంతులేస్తారు. ఒడ్డంతా ఊడ్చేశాక వాళ్ళ చూపు ఇళ్ళ ముందు కంకర దారుల మీద పడింది. మా దారి సంగతి వేరే చెప్పాలా? మా ఆయన రూబెన్ కంకర లారీ డ్రైవరు. తను చనిపోయే ముందు మంచి కంకర చూసి కొని తెచ్చి, తన చేత్తో పరిచి వెళ్ళాడు. ఎవరో పుణ్యాత్ముడు ఆ దారి ఫొటో తీసి, ఊరందరూ చూసేలా ఫోన్లో పెట్టాడు.

ఇంకేం! వాన వెలిస్తే తడి రాళ్ళు మెరుస్తాయి. జనం దిగిపోతారు. మా పాస్టరుగారికి ఆదివారం కూడా అన్ని వంగిన తలలు దొరకవు!

కాపలాకు కుక్క అక్కర్లేదు. అంతమంది ఉండగా దొంగ వస్తాడా? వచ్చి టీవీ మోసుకుపోతున్నా, "బాబూ, కాస్త జరుగు, నీడ పడుతోంది" అంటారు, అంతే.

మర్యాదస్తులు కూడా. మొన్న ఒకాయనకు కాఫీ, దాల్చినచెక్క రొట్టె తెచ్చిచ్చాను. నేల మీద నుంచి చూపు తిప్పకుండానే అందుకున్నాడు.

"థాంక్యూ సార్" అన్నాడు.

రాళ్ళు పోయిన చోట గుంటలు పడ్డాయి. అదీ లాభమే! పిట్టలకు నీళ్ళు నిలుస్తున్నాయి.

పోయినవారం ఉత్తరాల పెట్టె దాకా వెళ్తూ అలాంటి లాభంలోనే కాలు పెట్టాను. కలుక్కుమంది. బోర్లా పడ్డాను. చెంప కంకర మీద, కాలు ఎటో.

అదృష్టం చూడండి, అప్పుడే ఒకేరకం టోపీలు పెట్టుకున్న మొగుడూ పెళ్ళాలు కారు దిగారు. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు నేల మీద పడుకుని, ఎండకు ఎదురుగా చూస్తారు. అలా చూస్తే అగేటులో వెలుగు దూరి దీపంలా కనిపిస్తుంది మరి.

"చూడండి, ఈ వయసులో మామ్మ ఎలా పడుకుని వెతుకుతోందో! మీరూ ఉన్నారు, వంగితే నడుం నొప్పంటారు" అంది ఆవిడ.

"ష్! అది ఆవిడ చోటే. ముందొచ్చారు. మనం అటు పోదాం పద" అన్నాడాయన.

"బాబూ, లేవలేకపోతున్నాను!" అన్నాను.

"మాకూ అంతే మామ్మా! ఒకసారి కూర్చుంటే చీకటి పడేదాకా లేవబుద్ధి కాదు!" అంది ఆవిడ.

ఎంత మంచివాళ్ళు! నా చోటు నాకే వదిలేసి అటు చివరికి వెళ్ళిపోయారు.

నిజం చెప్పొద్దూ, ముక్కు ముందే ఒకటి వెలిగింది. ఎర్రగా, చారలు చారలుగా. రూబెన్ పోసిన కంకరలో ఇన్నాళ్ళూ నాకోసం కూర్చున్నట్టుంది. గుప్పిట్లో మూసేశాను.

చివరికి ఉత్తరాల బండి నడిపే డోరిస్ వచ్చి లేవదీసింది. పాపం ఆవిడకు రాళ్ళ పరిజ్ఞానం బొత్తిగా లేదు. నేల మీద మనిషి కనిపిస్తే మనిషి పడిపోయిందనుకుంటుంది!

దారి మీద తారు పోయించమని మా చెల్లెలు పోరుతోంది. ససేమిరా! అది రూబెన్ పరిచిన దారి. మీరు రండి, తప్పకుండా రండి. కాలి కట్టు విప్పగానే నేనూ ఎర్ర చారల కోటు కొనుక్కుని, వానలో బాగా తడిసి, దారి మధ్యలో కూర్చుంటాను.

ఎవరి కంటైనా పడతానేమో.

ఇర్మా నీమీ, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇల్లు కంకర దారి చివర. ప్రస్తుతం కాలికి పిండికట్టుతో, టూ హార్బర్స్ అనే ఊళ్ళో, తారు రోడ్డు పక్కనున్న చెల్లెలి ఇంట్లో.