మొదటి స్నానం ఎవరిది?

మానవజాతికి నిప్పును కనిపెట్టడానికి లక్షల ఏళ్ళు పట్టింది. దాని ఖర్చు తగ్గించడానికి ఏలూరులోని మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఒక్క ఆదివారం చాలింది.

కైకలూరులో ఐసు అమ్ముకునేవాణ్ణి. చల్లదనం ధరే కాదు, వేడి ధరా నాకు తెలుసు. చలికాలం కరెంటు బిల్లుల్లో గీజర్ల వాటా చూసి మా అధ్యక్షులు కోదండరామయ్యగారు (ఏదో శాఖలో డిప్యూటీ డైరెక్టరుగా రిటైరయ్యారు, ఏ శాఖో ఆయన చెప్పరు, మేం అడగం) డాబా మీద అందరికీ కలిపి ఒక సోలార్ హీటర్ పెట్టించారు. గీజర్ల వైర్లు తీయించారు. గ్యాసు పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాచడం నిషేధించారు. ఏ వంటింట్లోంచి ఆవిరి వచ్చినా అది చారుదా, స్నానానిదా అని తేల్చడానికి వాసన ఉపసంఘం వేశారు.

పథకంలో లోపం ఒక్కటే. కిందికి దిగే పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు చల్లబడిపోతాయి. పొద్దున్నే ముందు కొళాయి తిప్పినవాడికి చన్నీళ్ళు, తర్వాతవాళ్ళకి వేన్నీళ్ళు. లెక్క తెలిసినవాడెవడైనా ముందు తిప్పుతాడా? తువ్వాలు భుజాన వేసుకుని, పక్క ఫ్లాటు గోడకి చెవి ఆనించి, అవతల చెంబు చప్పుడు కోసం కాచుకునేవాళ్ళం. అవతలివాళ్ళూ ఇటే చెవి ఆనించి ఉండేవారు. మాలో ఉద్యోగస్తులు ఆఫీసుకి మధ్యాహ్నం చేరేవారు, అదీ స్నానం లేకుండా.

ఇలా కాచుకోవడం చేతకానిది ఒక్కతే: కింది అంతస్తు సత్యవేణిగారి మనవరాలు. పుట్టి ఇంకా నెల నిండలేదు.

"ఏవండీ రామయ్యగారూ, పసిగుడ్డుకి చన్నీళ్ళెలా పోస్తామండీ? మా గీజరు వైరు ఇప్పించండి" అని అడిగారావిడ.

"మినహాయింపు కావాల్సినవారు చలిగా ఉందని స్వయంగా చెప్పాలండీ."

"ఏడుస్తోంది కదండీ!"

"ఏడుస్తోందండీ. కారణం చెప్పట్లేదు."

ఈ మాటలు పక్క ఫ్లాటులో అద్దెకుండే టైలరు ఇమాం సాహెబ్ విన్నారు. తెల్లవారుజామున నమాజుకి లేచే మనిషి. మర్నాటి నుంచి అప్పుడే కొళాయి తిప్పి, పైపులోని చన్నీళ్ళు బకెట్లలో పట్టి, వాటితోనే తన స్నానం కానిచ్చి, మిగిలినవి మొక్కలకి పోసి, "అమ్మా, వేడి దిగిందండీ!" అని కేకేసేవారు. పాప హాయిగా స్నానం చేసేది. ఆ కేకకే మేమందరమూ చేసేవాళ్ళం.

పథకం విజయవంతమైందని కోదండరామయ్యగారు సమావేశం పెట్టారు. ఇమాం సాహెబ్ మీద విచారణ కూడా అందులోనే.

"రోజూ వేన్నీళ్ళు మొక్కలకి పోస్తున్నారటండీ?"

"అవి చన్నీళ్ళండీ, బాబుగారూ."

"వేన్నీళ్ళ పైపులోంచి వచ్చినవి నిబంధనల ప్రకారం వేన్నీళ్ళేనండీ."

"అయితే రేపు ఆ వేన్నీళ్ళు తమరు పోసుకోండి, బాబుగారూ."

(ఈ ప్రతిపాదనను అధ్యక్షులు నమోదు చేయించలేదు.) సూర్యోదయానికి ముందు ఎవరూ కొళాయి తిప్పరాదని తీర్మానం చేశారు. ఇమాం సాహెబ్ తరఫున ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తితే ఆ మొదటి స్నానం నా నెత్తిన పడుతుంది. గిట్టుబాటు కాదు.

మర్నాడు ఇమాం సాహెబ్ రాత్రే పట్టి ఉంచిన నీళ్ళతో నమాజుకి ముందే స్నానం కానిచ్చేశారు, మళ్ళీ అందరి చెవులూ గోడలకే. మధ్యాహ్నానికల్లా సత్యవేణిగారు కూతురు ఇందుజనీ పాపనీ వెంటబెట్టుకుని కొల్లేటి ఒడ్డునున్న తమ పుట్టింటికి వెళ్ళిపోయారు. అక్కడ కొబ్బరిమట్టల పొయ్యి మీద కాగు నిండా నీళ్ళు మరుగుతాయి, ఏ ఉపసంఘమూ వాసన చూడకుండా.

నెలాఖరున ఉత్తమ పొదుపు కుటుంబానికి సన్మానం జరిగింది. వేన్నీళ్ళ వాడకాన్ని పూర్తిగా మానేసిన ఫ్లాటు సత్యవేణిగారిదొక్కటే. అందుకోవడానికి ఎవరూ లేనందున, సభ్యుల చప్పట్ల మధ్య, అధ్యక్షులవారు తలుపు తాళానికి శాలువా కప్పారు.