బైరప్ప గోబర్ గ్యాసుకు గుర్తింపు

లోకంలో ప్రతి వాయువూ తానెవరో రుజువు చేసుకున్నాకే మండాలి. ఇది వాయు గుర్తింపు విభాగం వారి మూలసూత్రం. అందుకే మదనపల్లె పక్కన కురబలకోటలో బైరప్ప తన రెండు గేదెల పేడతో గోబర్ గ్యాసు పొయ్యి వెలిగించీ వెలిగించకముందే వాళ్లు వచ్చి, ఒక రబ్బరు సంచి నిండా గ్యాసు పట్టి అతని చేతికిచ్చి, గొట్టానికి లక్కసీలు వేసి పోయారు. పేడ పులిస్తే పుట్టేది మీథేనేనని తేలేదాకా అతని భార్య ప్రమీలమ్మ కట్టెలపొయ్యి ఊదుకోవాలి. (కట్టెల పొగకు గుర్తింపు అక్కర్లేదు. అది పాత కాపు.)

తేల్చే యంత్రం కుప్పంలో ఉంది. అది సంచిలోని వాయువు గుండా పరారుణ కాంతిని, అంటే కంటికి ఆనని వేడి వెలుగును పంపుతుంది. ఒక్కో వాయువు అందులో తన వాటా మింగుతుంది. మింగిన చోట, యంత్రం కాగితం మీద గీసే గీతలో గుంట పడుతుంది. గుంటను బట్టి మింగిందెవరో చెప్పేస్తారు. (ఈ పద్ధతిని ఆఫీసులకు ఇంకా వర్తింపజేయలేదు.)

అయితే సంచి పుంగనూరు ఆఫీసు ముద్రతోనే కుప్పం చేరాలి. పుంగనూరు సూపరింటెండెంటు సుబ్బరాయుడు బైరప్ప తెచ్చిన సంచిని బీరువాలో పెట్టి మరిచిపోయాడు. బైరప్ప మళ్లీ వెళ్లేసరికి సంచి దోసెలా అతుక్కుపోయి ఉంది.

"గ్యాసంతా యాడికి పోయినాది సార్?"

"నన్నడిగితే? నిండు సంచే పంపాలని రూలు ఉండాదప్పా." అప్పుడే భోజనం ముగించి వచ్చిన సుబ్బరాయుడు నోట్లోని యాలక్కాయను పక్కకు నెట్టి, బుగ్గలు పొంగించి సంచి నిండా ఊదాడు. ముద్ర కొట్టాడు.

కుప్పంలో ల్యాబు అధికారిణి గ్లోరియా, యంత్రం గీసిన గీతను చాలాసేపు చూసింది.

"మీథేన్ లేదప్పా. కార్బన్ డయాక్సైడు ఉండాది, నీటావిరి ఉండాది. ఈ గుంట మటుకు సారాయిది. ఎనుములకు ఏం తాపిస్తాండావు?"

"కుడితి మేడమ్. ఆ గుంట ఎనుములది కాదు, సుబ్బరాయుడు సారుది."

"ఆయన శాంపిలుగా నమోదు కాలేదే."

త్వరలోనే బైరప్ప ఎనుములకు మద్యం మాన్పించే తరగతికి రమ్మని నోటీసు వచ్చింది. అవి హాజరయ్యాయి. పాఠం సుబ్బరాయుడే చెప్పాడు. యాలక్కాయ వాసనకు ఎనుములు రెండూ ముఖం తిప్పుకున్నాయి. (అశ్రద్ధగా విన్నట్టు రాసుకున్నారు.)

"ఇంగో సంచి పడతా, మళ్లీ సూడండి సార్. ఇంట్లో ఆమె కండ్లు పోతాండాయి," అని బైరప్ప విభాగం వాళ్లను బతిమాలాడు.

విభాగం సానుభూతితో సమావేశమైంది. యంత్రం తన పరిధి దాటి ఉద్యోగులను కూడా గుర్తుపడుతున్నదని గమనించి, వెంటనే దానికి సీలు వేసింది.

బైరప్ప పొయ్యి సీలు మాత్రం యంత్రం రిపోర్టు రాగానే తీస్తారట.