కాఫీ మెషిన్‌పై హత్యాయత్నం

"ఎవరూ కదలొద్దు! ఈ వంటగదిలో హత్యాయత్నం జరిగింది. పాపం, ఈ ఇంట్లోనే ఓ మహామేధావి కాపురముంటున్నాడని నేరస్థుడికి తెలియదు!"

ఒక చేత్తో భూతద్దం, మరో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్రకటించాడు డేగకన్ను. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు.

"ఎవర్ని చంపబోయారండీ?" భుజాన వేసుకున్న ఆఫీసు బ్యాగు దించుతూ అడిగింది భార్య.

"దీన్ని!" అంటూ ఎస్ప్రెసో మెషిన్ వైపు వేలు చూపించాడు. కొన్నాళ్ళుగా అది గుర్రుగుర్రుమని మూలుగుతూ కప్పులోకి చుక్కలు రాలుస్తోంది. ఇవాళ ఆ చుక్కలూ మానేసింది. నీళ్ళ ట్యాంకు అడుగున గీకితే వచ్చిన తెల్లటి పొడిని స్పూనుతో పైకెత్తాడు. "నెమ్మదిగా ప్రాణం తీసే విషం! రోజూ ఇందులో నీళ్ళు పోసేదెవరు?"

"నేనే బాబూ," అంది స్టవ్ దగ్గరున్న అత్తగారు. ఎన్నిసార్లో బతిమాలితే కూతురి దగ్గర నాలుగు రోజులుందామని వచ్చిన మనిషి. "కుళాయి నీళ్ళే పోశాను."

"మీరు కాఫీ తాగరు!"

"తాగితే నిద్ర పట్టదు."

"విన్నావా? కలిపినవాళ్ళు తాగరు మరి! నిజం చెప్పకపోతే ఎముకల్లో సున్నం..."

భార్య చూపు చూసి మిగతాది మింగేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. అత్తగారు చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి పెట్టె తెరిచిన చప్పుడు. భార్య వెనకే పరుగెత్తింది.

ఒంటరిగా మిగిలిన డేగకన్ను ఆధారాల వేటలో పడ్డాడు. కిటికీ అద్దాలు తుడవడానికి అత్తగారు వాడే సీసా కనబడింది. మూత తీసి గట్టిగా వాసన పీల్చాడు. ఘాటు నషాళానికంటింది. హాచ్! సీసా కాస్తా ట్యాంకులో బోర్లాపడి గుడగుడమని ఖాళీ అయిపోయింది. భార్య చూస్తే కొంప మునుగుతుందని గబుక్కున ట్యాంకు మూత పెట్టేశాడు.

పక్కగదిలో వాదన సాగుతూనే ఉంది.

"ఆయన మాటలు పట్టించుకుంటావేంటమ్మా?"

"విషం పెట్టేదానిలా కనిపిస్తున్నానా? ఇంక ఉండలేనే."

ఆ గొంతులో వణుకు అతనికి ఎక్కడో గుచ్చుకుంది. తప్పయిందని చెబుదామనుకున్నాడు గానీ, డిటెక్టివులు అలా చెప్పొచ్చో లేదో తెలియలేదు. ఇంకాస్త విందామని గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. చాలాసేపటికి మోచెయ్యి జారి మెషిన్ స్విచ్ మీద పడింది.

మెషిన్ దగ్గింది. తెల్లటి పెంకులు కక్కింది. ఆ వెంటనే వేడినీళ్ళు ధారకట్టాయి.

"నేరం ఒప్పేసుకుంది!" అని అరిచాడు.

పరుగెత్తుకొచ్చిన భార్య వాసన చూసింది. "వెనిగర్ పోశారా? సున్నం కరిగిపోయింది! ఎముకల్లోది కాదండీ మహానుభావా, పైపుల్లోది. కుళాయి నీళ్ళలో ఉండేదే. నెలనెలా మెషిన్ శుభ్రం చేసే పని ఎవరికి అప్పగించాను?"

డేగకన్ను కాసేపు లోతుగా ఆలోచించాడు. "అంటే నేరస్థుడు..."

"అద్దంలో చూసుకోండి. అమ్మ వెళ్తే నేనూ వెళ్తా."

అతడు హడావిడిగా కాఫీపొడి దట్టించి, మెషిన్‌ని మంచినీళ్ళతో కడగాలన్న ఆలోచనే లేకుండా ఓ కప్పు పట్టి, పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ అత్తగారి ముందు పెట్టాడు.

"ముందు నువ్వు తాగు బాబూ. విషముందేమో."

ఒక్క గుక్క తాగాడు. కాఫీ, వెనిగర్ కలిసి ముక్కులోంచి మాడు దాకా పాకాయి. కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారాయి.

"తప్పు... నాదే... అత్తయ్యా..."

"అయ్యో! ఇంత బాధపడుతున్నావా నాయనా?" అత్తగారు కరిగిపోయి పెట్టె కింద పెట్టేసింది. "పిచ్చి తండ్రి! ఎక్కడికీ వెళ్ళన్లే."

కన్నీళ్ళు ఎక్కడ ఆగిపోతాయోనన్న భయంతో అతడు కప్పులో మిగిలింది కూడా గటగటా తాగేశాడు.