అమావాస్య నాడు నడిచిన సాంచాలు

ఆ ఆదివారం పొద్దున మంగేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న పాండురంగ్ కుంభారిలో ఉన్న కూతురి ఇంటికి బస్సెక్కుతాడు. స్నేహితుడు తుషార్ రెండు స్పీకర్లు తెస్తాడు. పుణె నుంచి పూనం వస్తుంది. ఇంటి పక్కనే ఉన్న ఖాళీ కార్ఖానాలో షట్టర్ దించుకుని ముగ్గురూ ఒక పాట వింటారు. అది పాటేనా కాదా అన్నది పూనం తేల్చి చెబుతుంది. ఆ తర్వాత భోజనాలు. ఇంతలో చెడిపోవడానికి ఏముంది అనిపిస్తుంది ఎవరికైనా. మంగేశ్‌కూ అలాగే అనిపించింది.

"ఇయ్యాల అమాస, యాదున్నదా?" అంది భార్య జయశ్రీ, చాయ్ గ్లాసు ముందు పెడుతూ.

"అందుకే ఇయ్యాల పెట్టుకున్న. గల్లీల ఒక్క సాంచా గూడ నడువది. పాట సాఫ్ వినొస్తది."

షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లోని ఆ గల్లీవాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. మామూలు రోజుల్లో సాంచాల హోరు మీద అరిచి మాట్లాడుకోవడమే అక్కడి పద్ధతి. అమావాస్య నాడు మాత్రం వాటికి కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి, విశ్రాంతి ఇస్తారు. ఆ రోజు కూడా అలవాటు కొద్దీ అరిచే మాట్లాడుకుంటారు, అది వేరే సంగతి. ఈ ఆనవాయితీకి కాపలాదారు పెంటప్ప. పాండురంగ్‌కు చిన్ననాటి దోస్తు, ఎదురింటి వాడు. ఆర్డర్ తొందరలో ఎవరైనా అమావాస్య నాడు సాంచా తిప్పారని తెలిస్తే, ఆ ఏడు మార్కండేయుడి ఊరేగింపులో వాళ్ల భుజాన్ని పల్లకి దరిదాపులకు రానివ్వడు.

పాండురంగ్‌కు ఇప్పుడు ఆ చిక్కు లేదు. ఆయన సాంచాలను పోయిన ఏడు పాతసామాను వాడు విప్పి, లారీకెత్తుకుని పోయాడు. కొత్తరకం యంత్రాల ముందు అవి నిలవలేకపోయాయి. చివరిసారి అవి నడిచిన రోజున మంగేశ్ ఎవరికీ చెప్పకుండా ఫోను పట్టుకుని, ఒక్కో సాంచా దగ్గరా నిలబడి దాని చప్పుడు పట్టుకున్నాడు. ఏడాదిపాటు కూర్చుని ఆ చప్పుళ్లతో పాట కట్టాడు. కార్ఖానాను ఆ ఆదివారం మర్నాటి నుంచి మండపాలు కట్టేవాడికి అద్దెకిచ్చారు. అంటే ఆ పాట పుట్టిన చోట వినిపించడానికి ఆ ఒక్కరోజే మిగిలింది.

ఈ పిచ్చి మంగేశ్‌కు ఇప్పటిది కాదు. ఇరవై ఏళ్ల కిందట కొంతం చౌక్ దగ్గర ఒక నెట్ కేఫ్ ఉండేది. కాలేజీకని బయల్దేరిన మంగేశ్, తుషార్ అక్కడ తేలేవారు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో బ్లాగులు రాసేవారు, కొత్త కొత్త ఎలక్ట్రానిక్ డాన్సు పాటలు పెట్టి కింద లింకు ఇచ్చేవారు. లింకు నొక్కితే పాట చుక్కచుక్కగా దిగేది. ఇంకాస్తలో పూర్తవుతుందనగా కరెంటు పోయేది. మళ్లీ వెళ్లేసరికి ఆ లింకు చచ్చిపోయి ఉండేది. ఇన్ని గండాలు దాటి సీడీలోకి ఎక్కిన పాట ఎలా ఉన్నా బాగుండేది. అంత కష్టపడ్డాక నచ్చకపోతే ఎట్లా మరి? ఆ సీడీ పెట్టినప్పుడల్లా పాండురంగ్ ఒకే మాట అనేవాడు. "ఏందిరా ఆ ధన్ ధన్? పాటంటే ఎవరన్న పాడాలె గదా!"

ఆ బ్లాగులన్నిట్లో మంగేశ్ ప్రాణం పెట్టుకున్నది పూనం బ్లాగు మీద. పుట్టిందీ పెరిగిందీ పుణెలోనే అయినా, ఆమె తల్లి తరఫు వాళ్లు షోలాపూర్ తెలుగువాళ్లే. ప్రతి శుక్రవారం ఒక్క పాట పెట్టి, కింద ఒక్క వాక్యం రాసేది. ఆ వాక్యాన్ని బట్టే మంగేశ్‌కు చెవులు తయారయ్యాయి. ఆమె రాసింది చదివే, ఒకసారి తుషార్‌ను లాక్కుని పుణెలో క్లబ్బుకు వెళ్లాడు. తలుపు దగ్గర నిలువెత్తు మనిషి ఆపి, జంటలకే ప్రవేశం అన్నాడు. మేం జంటే కదా అన్నాడు తుషార్. ఆ మనిషి నవ్వను కూడా నవ్వలేదు. ఇద్దరూ క్లబ్బు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. గోడ లోంచి మోత మాత్రం వస్తోంది.

"అరే తుషార్, బయట నిలబడి ఇంటే అచ్చం మన కార్ఖానా లెక్కనే ఉన్నది గదరా!" అన్నాడు మంగేశ్, గోడకు చెవి పెట్టి. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ అతనికి ఆ సంతోషమే. ఆ వయసు, ఆ గోడ, లోపలికి రానివ్వకపోయినా కలిగిన ఆ ఆనందం, మళ్లీ ఎక్కడ దొరుకుతాయి?

ఏళ్లు గడిచాక ఈ మధ్యే పూనం బ్లాగు మళ్లీ మొదలుపెట్టింది. మంగేశ్ ధైర్యం చేసి పాట సంగతి రాశాడు. ఫైలు పంపొద్దు, ఆదివారం పెద్దమ్మ ఇంటికి షోలాపూర్ వస్తున్నా, అక్కడే గట్టిగా పెట్టి వినిపించమని జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి మంగేశ్‌కు అన్నం సహించలేదు.

తుషార్ చిన్న స్పీకర్లు తెస్తానని చెప్పి, ఊరేగింపుల్లో టెంపో మీద కట్టే భీకరమైన పెట్టెలు తెచ్చాడు. ఇప్పుడతని బతుకుతెరువు అవే.

"గింత పెద్దవెందుకురా?"

"పూనం తాయి ఒస్తుంటె డబ్బా స్పీకర్లు పెడుతనా? ఇజ్జత్ కా సవాల్! బ్యాటరీ గూడ దీంట్లనే ఉన్నది, ఫికర్ లేదు." అక్కను ఆ ఊళ్లో తాయి అంటారు.

పూనం వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో హెడ్‌ఫోన్లు. షట్టర్ దించారు, కిటికీలు మూశారు. మంగేశ్ పాట నొక్కాడు.

పాట ఎలా మొదలవుతుందంటే, పొద్దున్నే కార్ఖానాలో తలుపు దగ్గరి సాంచా ఒక్కటే లేస్తుంది. దాని వెనక పక్కది. తర్వాత మూలది. అలా అన్నీ లేచి కలిశాక అడుగు నుంచి మోత అందుకుంటుంది. లోపల వినేవాళ్లకు అది సంగీతం. ఎదురింటి గడప మీద సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్న పెంటప్పకు మాత్రం అది అమావాస్య నాడు పాండురంగ్ సాంచాలు నడవడం. చాయ్ అక్కడే వదిలేసి, చేతికర్ర తీసుకుని వచ్చి షట్టర్ బాదాడు.

"తెరువుర్రి! ఎవడ్రా లోపట? ఇయ్యాల అమాస!"

లోపల పూనం కళ్లు మూసుకుని తల ఆడిస్తోంది. "మంగేశ్, మధ్యల టక్ టక్ అని ఒస్తున్నది చూడు, అది అసలైంది! ఎట్ల తోచింది నీకు?"

మంగేశ్ పాటలో టక్ టక్ లేదు. అయినా ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన మెచ్చుకోలును కాదనడం ఎవరి తరం? "ఊర్కెనే... మనసుకొచ్చింది తాయీ" అన్నాడు. పూనం ఆపనివ్వకుండా మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింటూనే ఉంది.

బయట పెంటప్ప కొట్టీ కొట్టీ అలసిపోయి పాండురంగ్‌కు ఫోను చేశాడు.

"పాండ్యా, నీ సాంచాలు నడుస్తున్నయిరా!"

"నాకు సాంచాలు యాడియిరా? పాతసామానోడు తీస్కపాయె గదా!"

"మరి నా చెవులు గూడ తీస్కపోయిండా? తలుపు కాడి సాంచా కుంటుకుంట నడుస్తది, నాకెరుక లేదా? నీ కొడుకు నీకు చెప్పకుంట మళ్ల తెచ్చిండు!"

"ఒస్తున్నా" అని ఫోను పెట్టేశాడు పాండురంగ్.

పెంటప్ప ఫోనులో అన్న మాట యల్లమ్మ చెవిన పడింది. పాండురంగ్ కార్ఖానాలో పెళ్లినాటి నుంచి నూలు కండెలు చుట్టిన మనిషి. సాంచాలు పోయాక చుట్టడానికి కండెలు లేక బీడీలు చుడుతోంది. "సాంచాలు ఒస్తె కండెలు గూడ గావాలె గదా!" అని ఇంట్లో ఉన్న కొబ్బరికాయ పట్టుకుని ఉరికింది. ఆమె వెనక పాత పనివాళ్లు బయల్దేరారు. గల్లీ మలుపు తిరిగేలోపు ఆ సాంచాలు కొత్తవయ్యాయి, చైనావయ్యాయి, వాటి మీద దుబాయి టవళ్ల ఆర్డర్ కూడా ఎక్కింది. అందరూ షట్టర్ ముందు చేరి ఒకేసారి పిలిచారు. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"గింతమంది పిలుస్తుంటె పలుకుతలేడంటె..." అంది యల్లమ్మ గుండె మీద చెయ్యేసుకుని. "అయ్యో దేవా! పోరని చెయ్యి సాంచాల పడ్డదేమో!"

అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ గల్లీలో పుట్టిన వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెంటప్ప కర్ర పడేసి, వయసు మరచి పరుగెత్తి, గోడకున్న మీటరు పెట్టెలోంచి ఫ్యూజు పీకేశాడు. కిటికీ సందులోంచి కనిపించే దీపం ఆరిపోయింది. ఇక సాంచాలు ఆగాలి. ఆగలేదు. తుషార్ బ్యాటరీ అంత గొప్పది.

గల్లీ అంతా నోరు మూసుకుంది. ఆ గల్లీ నోరు మూసుకోవడం పెంటప్ప కూడా ఎన్నడూ ఎరగడు.

"కరెంటు లేదు" అంది యల్లమ్మ మెల్లగా. "అయినా నడుస్తున్నయి."

పెంటప్ప చేతిలోని ఫ్యూజు వంక చూశాడు. షట్టర్ వంక చూశాడు. తర్వాత చెప్పులు విడిచి చేతులు జోడించాడు. అమావాస్య, కొన్నవాడు విప్పుకుపోయిన సాంచాలు, కరెంటు లేకుండా నడవడం! ఇంతకాలం తాను కాపాడిన ఆనవాయితీకి దేవుడే స్వయంగా వచ్చి ఫలం చూపిస్తున్నాడనుకున్నాడు. యల్లమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇళ్లలోంచి ఊదుబత్తులు వచ్చాయి.

లోపల ఫ్యాను ఆగిపోయి ముగ్గురికీ చెమటలు పట్టాయి. గాలి కోసం మంగేశ్ షట్టర్ ఎత్తాడు. ఎదురుగా గల్లీ గల్లీ అంతా, పొగ మధ్య, చేతులు జోడించి నిలబడి ఉంది.

"షోలాపూర్‌ల పాటకు ఇంత మర్యాద ఇస్తరా!" అంది పూనం, నిజంగానే ఆశ్చర్యపోయి.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ పాండురంగ్ వచ్చాడు. ఎవరి బండి వెనకో కూర్చుని వచ్చినట్టున్నాడు, ముఖం నిండా దుమ్ము. ఆ దుమ్ములోనే ఆశ కూడా కనిపిస్తోంది. కోపంగా ఉండాలని చూస్తున్నాడు గానీ చేతకావడం లేదు. మంగేశ్ గబుక్కున పాట ఆపాడు.

"ఏవిరా?" అన్నాడు పాండురంగ్, గచ్చు మీది నూనె మరకలను చూస్తూ. "సాంచాలేవి?"

"లేవు బాపు. ఉత్త ఆవాజే. అవి పోయేముందట ఫోన్ల పట్టుకున్న. గదాన్నే పాట చేసిన."

పాండురంగ్ ముఖం వాడిపోయింది. యల్లమ్మ చేతిలోని కొబ్బరిచిప్పను కొంగు చాటుకు తీసుకుంది. మంగేశ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు, కానీ ఇంతమందికి పోయిన పనిని ఒక్క పూట తిరిగిచ్చి లాక్కున్నట్టయింది.

"అంటె సాంచా నడువలే?" అన్నాడు పెంటప్ప.

"నడువలే కాకా."

"మరి నాతోని చెప్పులెందుకిప్పిచ్చినవ్?"

యల్లమ్మ కల్పించుకుని అంది, "పోనీతియ్. ఒచ్చినోళ్లం ఒచ్చినం. ఇంకోపారి పెట్టు బిడ్డా, బయటికెంచి సరిగ్గ వినరాలే."

ఎవరూ చెప్పకుండానే పాత పనివాళ్లు లోపలికి వచ్చి, ఎవరి సాంచా ఉన్న చోట వాళ్లు కూర్చున్నారు. పాండురంగ్ తలుపు దగ్గర గోడకు ఆనుకున్నాడు. పాట మొదలైంది. ఒక్కోటిగా సాంచాలు లేచాయి. మంగేశ్ చూపంతా పూనం మీదే. ఆమె మాత్రం జనాన్ని చూస్తోంది. కాసేపటికి అతనూ అటు చూశాడు. యల్లమ్మ తల వాలింది. పెంటప్ప నోరు తెరిచి గురక పెడుతున్నాడు. పాండురంగ్ గచ్చు మీద ఒత్తిగిలి, చెయ్యి తలకింద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా పడుకున్నాడు.

ఎగిరి గంతులెయ్యడానికి కట్టిన పాట! విన్నవాళ్లంతా గురకలు! మంగేశ్ సిగ్గుతో చచ్చిపోతూ ఆపడానికి చెయ్యి చాపాడు. గడపలో నిలబడిన జయశ్రీ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆపకు" అంది గొంతు తగ్గించి. "సాంచాలు పోయినకాడికెంచి మామకు కన్ను మూతపడతలేదు. నిద్రపోంగ మళ్ల ఇప్పుడే చూస్తున్న."

సాంచాల పక్కన కట్టిన ఉయ్యాలల్లో పెరిగిన వాళ్లు వాళ్లంతా. వాళ్ల జోలపాట అదే. గల్లీలో మిగతావి ఎంత హోరెత్తినా, తమ సాంచాల చప్పుడు లేకపోవడం ఏడాదిగా వాళ్లను పడుకోనివ్వలేదు. ఇది ఇంట్లోనే ఉండి కూడా తనకు తెలియలేదని మంగేశ్‌కు కళ్లు చెమర్చాయి.

అంతలో తుషార్ గొప్ప బ్యాటరీ అయిపోయింది. చప్పుడు తటాలున ఆగింది. ఆ క్షణంలోనే అందరూ ఉలిక్కిపడి మేలుకున్నారు.

"ఎవడ్రా కరెంటు తీసింది?" అని కేకేశాడు పెంటప్ప.

"నీ చేతుల్నే ఉన్నదిరా ఫ్యూజు" అన్నాడు పాండురంగ్, కళ్లు తెరవకుండానే. "పోయి పెట్టు. మంగేశా, నువ్వు మొదటికెంచి పెట్టు బిడ్డా. మంచిగున్నది నీ ధన్ ధన్."

ఆ తర్వాతి శుక్రవారం పూనం ఆ పాట బ్లాగులో పెట్టి, కింద ఒక్క వాక్యం రాసింది: "ఈ పాటకు ఎవరూ ఎగరరు, ఆగితే మాత్రం ఊరుకోరు." ఇప్పుడు గల్లీలో దాదాపు ప్రతి ఫోనులోనూ అది ఉంది. అమావాస్య నాడు మాత్రం దాన్ని ఎవరూ మోగించకూడదని పెంటప్ప కట్టడి చేశాడు.