తలుపు లేని పురిటిగది

మా తోడికోడలికి నెలలు నిండాయనీ, ఆమె ఇంట్లోనే కనదలచుకున్నదనీ, అందుకు తగిన ఏర్పాట్లన్నీ ఆమె ప్రమేయం లేకుండా చురుగ్గా సాగుతున్నాయనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ఇంట్లో కాన్పుకు అభ్యంతరం లేదని డాక్టరమ్మ చెప్పింది. కాన్పు చేయబోయే నర్సమ్మ వచ్చి ఇల్లంతా చూసింది. ఏదైనా తేడా వస్తే ఆస్పత్రి వీధి చివరే ఉందని తృప్తిపడి, "నీకేం కావాలమ్మా?" అని నేరుగా తోడికోడలినే అడిగింది. మా ఇంట్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఒక గది కావాలండీ. లోపల్నుంచి గడియ పెట్టుకునేలా తలుపుండాలి. ఇంకేం వద్దు. నలుగురూ చూస్తుంటే నావల్ల కాదు."

ఇంత చిన్న కోరికను పెద్ద మనసుతో తీర్చాలని మామగారు అప్పటికప్పుడే ఒక సంఘం వేశారు. ఉద్యోగం నుంచి విరమించినా అధ్యక్షత నుంచి విరమించని మనిషి ఆయన. ఉపాధ్యక్షురాలు అత్తగారు. కార్యదర్శి మా ఆయన. సభ్యుడు మా మరిది, అంటే కాబోయే తండ్రి. కాబోయే తల్లికి విశ్రాంతి అవసరం కనుక ఆమె మీద సభ్యత్వ భారం మోపలేదు. టీలు నా శాఖ.

హాలు పక్క పెద్దగదిని పురిటిగదిగా ప్రకటించారు. "వచ్చేపోయేవాళ్ల కళ్లల్లో పడే గది. మన పరువంతా దాన్లోనే ఉంది," అని అధ్యక్షులు సెలవిచ్చారు. గోడలకు రంగులు, కిటికీలకు కొత్త తెరలు వచ్చాయి. చూడవచ్చేవాళ్ల కోసం వరసగా కుర్చీలు వేశారు. కుర్చీలు పోగా మిగిలిన మూలలో మంచం కూడా పట్టింది. ఇంత సొగసైన గదికి ఆ పాత తలుపు బొత్తిగా నప్పలేదని తేలడంతో, వడ్రంగిని పిలిచి దాన్ని ఊడదీయించి, నగిషీ చెక్కడానికి పంపారు. పని బాగా రావాలంటే తొందరపెట్టొద్దన్నాడు వడ్రంగి. ఎవరూ తొందరపెట్టలేదు. తొందర ఉన్న ఒక్క మనిషికీ సంఘంలో చోటు లేదు.

"మరి తలుపో మామయ్యగారూ?" అంది తోడికోడలు.

"నీ తలుపు కోసమేనమ్మా ఈ పాట్లన్నీ!" అన్నారాయన, కళ్లు చెమర్చినంత పని చేసి.

శుభ్రమైన తువ్వాళ్లు కావాలని నర్సమ్మ చెప్పి వెళ్లింది. అత్తగారు బజారంతా గాలించి వెన్నలాంటి తెల్లటి తువ్వాళ్లు తెచ్చారు. తెచ్చి, బీరువాలో పెట్టి, తాళం చెవి నడుముకు దోపుకున్నారు. "ఇంత మంచివి కాన్పుకు వాడితే మరకలు పోతాయా? ఎవరూ ముట్టుకోకండి!" నొప్పులు పడేటప్పుడు వెచ్చటి నీళ్లలో కూర్చుంటే హాయిగా ఉంటుందని రబ్బరు తొట్టి ఒకటి తెప్పించారు. అది పనిచేస్తుందో లేదో పరీక్షించే బాధ్యత మామగారు స్వయంగా తీసుకున్నారు. ఆయన మోకాళ్ల నొప్పులకు చాలా బాగా పనిచేసింది. అప్పట్నుంచి సమావేశాలన్నీ ఆయన అందులో కాళ్లు పెట్టుకునే నడిపారు.

మరిది శ్రద్ధ గురించి ఎంత చెప్పినా తక్కువే. కాన్పుల వీడియోలన్నీ చూసి, నొప్పులప్పుడు ఊపిరి తీసుకునే పద్ధతిలో ఆరితేరాడు. కాన్పుకు ముందస్తు సాధన పెట్టుకున్న రోజున గర్భిణి పాత్ర ఎవరు వేయాలన్న ప్రశ్న వచ్చింది. అసలు గర్భిణిని శ్రమపెట్టడం భావ్యం కాదు కనుక అతనే వేశాడు. పొట్ట మీద దిండు కట్టుకుని అతను మూలుగుతుంటే అత్తగారు తట్టుకోలేక, "నా తండ్రే, ఎంత కష్టపడుతున్నాడో!" అని విసనకర్ర అందుకున్నారు. తోడికోడలు బరువుగా లేచి వెళ్లి మొగుడికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నాకు పెద్ద పనులేవీ అప్పగించలేదు కనుక సామాన్ల గది సర్దుకుంటూ కూర్చున్నాను. దాని వంకర తలుపు నలుగురికీ చూపించదగ్గది కాదు. అందుకే సంఘం కన్ను పడలేదు. గడియ మాత్రం గట్టిది.

ఒక మధ్యాహ్నం, నొప్పులు మొదలైతే ముందుగా ఎవరికి తెలియజేయాలన్న అంశంపై వాడిగా చర్చ సాగుతోంది. తోడికోడలు గుమ్మం పట్టుకుని నిలబడి చెయ్యెత్తింది.

"ఇతర విషయాలు చివర్లోనమ్మా," అన్నారు అధ్యక్షులు.

ఆమె నావైపు చూసింది. నేను టీ పళ్లెం దించి నర్సమ్మకు ఫోను చేశాను. సామాన్ల గదిలో మంచం, ఉడకబెట్టి ఆరేసిన పాత దుప్పట్లు, మరుగుతున్న నీళ్లు సిద్ధంగానే ఉన్నాయి. నర్సమ్మ వంటింటి వైపు నుంచి వచ్చింది.

"మీ ఆయన కావాలామ్మా?" అనడిగింది.

"రానివ్వండి. ఆయనకు అనుభవముంది," అంది తోడికోడలు పళ్లు బిగించి.

సభ మధ్యలోంచి మరిదిని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. వస్తూనే భార్య చెయ్యి పట్టుకుని బుసబుసా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు.

"బాబూ, మీరు కాదు," అంది నర్సమ్మ. తోడికోడలు అంత నొప్పిలోనూ నవ్వింది. గడియ పడింది.

పసిబిడ్డ ఏడుపు మొదట విన్నది మామగారే. తొట్టిలోంచి కాళ్లు తీయకుండానే, "సభలో నిశ్శబ్దం!" అన్నారు.

ఆ సాయంత్రం అభినందన సభ జరిగింది. ఇది మనందరి సమష్టి విజయమనీ, ముందుచూపు అంటే ఏమిటో మన కుటుంబం చాటి చెప్పిందనీ మామగారు ఉపన్యసించారు. ఒక్క తువ్వాలుకైనా మరక పడలేదని అత్తగారు బీరువా తెరిచి నిరూపించారు. మరిది ముఖం పీక్కుపోయిందని చుట్టాలు జాలిపడి పాలు పట్టించారు. ఇరుగుపొరుగు సామాన్ల గది గుమ్మం దగ్గర మూగి, ఆడపిల్లా మగపిల్లాడా, ఎవరి పోలిక, ఎంత బరువు అని ఒకటే అడగడం.

పాఠకులైన మీరు సంస్కారవంతులు, అలాంటివారు కాదు. కానీ పుట్టింది ఎవరో రాయలేదేమిటని ఇందాకట్నుంచీ వెతుక్కుంటూనే ఉన్నారు. తల్లి ఎలా ఉందని మాత్రం వెతకలేదు. ఫరవాలేదు, ఆమె కులాసా. ఇప్పుడే కునుకు పట్టింది.

వెళ్తూ వెళ్తూ ఆ తలుపు కాస్త దగ్గరగా వేయండి. ఆమె అడిగింది అదొక్కటే.