బొట్టు కనబడటం లేదు సార్

తన హయాంలో ఒక్క నీటిబొట్టు కూడా వృథా కాదని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. ఘనమైన ప్రకటన. దాన్ని కళ్లకు కట్టినట్టు చూపించడానికి ఆయన కీరా వదిన గ్రీన్‌హౌస్‌ని ఎంచుకున్నారు.

బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి, ఊరి చివర ప్లాస్టిక్ కప్పు కింద కీరాదోస వేసినందుకు చుట్టుపక్కలవాళ్లు ఆమెకి పెట్టిన పేరది. డ్రిప్పు గొట్టాల్లోంచి ప్రతి మొక్క మొదట్లోనూ నీళ్లు చుక్క చుక్కగా పడతాయి. బయటి పొలానికి పట్టే నీళ్లలో సగం కూడా అక్కర్లేదు. తీగ నిండా కాయలే. వారంలో కోత. హోటళ్లవాళ్లు ముందే బేరం ఖాయం చేసుకుని వెళ్లారు. సంతోషం పట్టలేక వదిన తీగలకి గుడ్‌మార్నింగ్ కూడా చెబుతోంది.

మంత్రిగారు కెమెరాలతో దిగారు. ఒంగి చూసి, "నీళ్లేవమ్మా?" అన్నారు.

"పడుతున్నాయి సార్. చుక్క చుక్కగా."

కెమెరామన్ తల అడ్డంగా ఊపాడు. "బొట్టు కనబడటం లేదు సార్. టీవీలో కరువులా వస్తుంది."

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచనలో పడితే కిందివాళ్లు పరుగులో పడతారు. ఉద్యానాధికారి పంపు పూర్తిగా తిప్పేశాడు. చుక్క కాస్త ఒళ్లు చేసింది, అంతే.

"పొదుపు ఇంకొంచెం ధారాళంగా కనబడాలయ్యా," అన్నారు మంత్రిగారు.

కాసేపటికి ఫైరింజన్ వచ్చింది.

వదిన దానికి అడ్డంగా నిలబడింది. "సార్, ఇది నీళ్లు ఆదా చేసే పద్ధతండీ."

"అందుకేగా తల్లీ ఇంత శ్రమ పడుతున్నాం," అంటూ ఉద్యానాధికారి ఆమెని మర్యాదగా పక్కకి జరిపాడు.

గొట్టం విప్పారు. కప్పు చిరిగింది. తీగలు తాళ్లతో సహా కూలాయి. కాయలు బారులు తీరి గేటు దాటాయి. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మంత్రిగారు నీటి పొదుపు గురించి తీరిగ్గా మాట్లాడారు. కొట్టుకుపోతున్న కాయల్ని వదిన భర్త బుట్టతో పడుతుంటే ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో దాని కింద 'పొంగుతున్న లాభాలు' అని వేశారు.

అందరూ వెళ్లాక వదిన బురదలో చతికిలబడింది. "ఏమండీ, నవ్వొస్తోంది. ఏడుద్దామంటే రావట్లేదు."

"నువ్వు నవ్వుతూ ఉండు. నేను పంపు కట్టేసొస్తా," అన్నాడు భర్త.

కట్టిన పంపు మళ్లీ తిప్పలేదు. వదిన తిరిగి బడిలో చేరింది.

తర్వాతి సీజన్ చివర అధికారులు గ్రీన్‌హౌస్‌లన్నిటి నీటి మీటర్లూ చూశారు. వదినకి దేశంలోనే మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద మంత్రిగారు స్వయంగా పతకం వేసి, మైకు ఆమె ముందు పెట్టారు.

"ఇన్ని నీళ్లు ఎలా మిగిల్చావో నలుగురికీ చెప్పమ్మా."

"పంట వెయ్యలేదు సార్," అంది వదిన.

మంత్రిగారు ఆమెవైపు చాలాసేపు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. అధికారుల వైపు తిరిగి, "విన్నారుగా," అన్నారు. "వచ్చే సీజన్ నుంచి దేశమంతా ఇదే పద్ధతి."