మూడో తరగతి గోడకు దుప్పటి

ఆ పొద్దున బొమ్మల మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గంట కొట్టకముందే బడికి వెళ్ళాలి, మూడో తరగతి గది గోడకు దుప్పట్లు కట్టాలి, ఆ పైన ఏమీ ఎరగనట్టు వరండాలో నిలబడాలి. అందులో కష్టమైన భాగమల్లా ఇంట్లో దుప్పట్లు అడగడమే.

"ఏమోయ్, పాత దుప్పట్లేమైనా ఉన్నాయా?"

"ఎవరికి?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"గోడకి."

"గోడకేం, చలేస్తోందా?"

"ఇవాళ కొత్త పరీక్ష కదా. గదిలో జవాబులుండే బొమ్మలేవీ కనబడకూడదట. వాన ఎలా పడుతుందో నా బొమ్మ చూసి రాసేస్తారని పైవాళ్ళ భయం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి బీరువా తలుపు కిర్రుమంది. ఆవిడ ఓ సంచీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అడుగున చిన్నదొకటి ఉంది. దాన్ని కుడి మూలకి కట్టండి. మిగతావి ఎలా కట్టుకుంటారో మీ ఇష్టం."

మేష్టారు తలూపి చెప్పులేసుకున్నారు. కుడి మూల సంగతి ఆవిడ ఎందుకెత్తిందో ఆలోచించే తీరిక ఆయనకు లేకపోయింది.

ఆ బడికి మంచిరోజులొచ్చి ఏడాదైంది. బడుల బాగుచేత పథకం వచ్చి, కారే కప్పు కారడం మానింది. మరుగుదొడ్ల తలుపులకు గడియలొచ్చాయి. ప్రతి గదికీ ఫ్యాన్లు వేశారు. గోడలు ఊరికే నిలబడి జీతం తీసుకోకుండా అవి కూడా పిల్లలకు ఏదో ఒకటి నేర్పాలని చెప్పి, మేష్టారి చేత బొమ్మలు వేయించారు. మూడో తరగతి గోడ మీద ఆయన వాన వేశారు. ఎడమవైపు సముద్రం, పైన సూర్యుడు, లేచిపోతున్న ఆవిరి, మబ్బులు. కుడివైపు వాన, వానలో తడుస్తూ గెంతుతున్న పిల్లలు. మూలగా ఉన్న పిల్లకు రెండు జడలు, ఒక జడ రిబ్బను ఊడిపోయింది. తల పైకెత్తి, నాలుక చాపి, చినుకు పడుతుందేమోనని చూస్తోంది.

ఆ పిల్ల మేష్టారి కూతురు. ఆ గదిలోనే చదువుకుంది. ఒక వానాకాలం జ్వరమొచ్చి చనిపోయింది. తడవడం వల్లనేనని చుట్టుపక్కల వాళ్ళన్నారు, కానే కాదని డాక్టరు అన్నాడు. డాక్టరు మాట మేష్టారి చెవికెక్కలేదు. ఆ సాయంత్రం "పోనీలే, కాసేపు తడవనీ" అన్నది ఆయనే మరి. అప్పట్నుంచి ఆ ఇంట్లో వాన గురించి మాట్లాడుకోరు. పాప గురించి అసలే మాట్లాడుకోరు. గోడ మీద పాప ఉన్న సంగతి ఆయన భార్యకు చెప్పలేదు. ఆవిడ ఆ బడి గుమ్మం తొక్కి ఏళ్ళయింది.

హెడ్మాస్టరుగారిని అందరూ సరేసారు అంటారు. ఎవరేమన్నా 'సరే' అనడం ఆయన ఆరోగ్య రహస్యం. బొమ్మలు పరీక్షలో లేవు కాబట్టి బొమ్మల పీరియడు అనవసరమని పైవాళ్ళంటే ఆయన సరే అన్నారు. కొత్త పరీక్షలో జవాబులు రాయక్కర్లేదు, వాటి పక్కనున్న గుండ్రాలు నింపితే చాలు. గీత దాటకుండా నింపడం బొమ్మల మేష్టారికి కాకపోతే ఎవరికొస్తుందని ఎవరో అంటే దానికీ సరే అన్నారు. అలా ఏడాదంతా మేష్టారు పిల్లలకు గుండ్రాలు నింపడం నేర్పారు. పిల్లలు నింపిన గుండ్రాలకు కళ్ళూ ముక్కూ పెట్టి, కొందరికి మీసాలు కూడా పెట్టేవాళ్ళు. వాటిని చెరిపించడం ఆయనకు దినదిన గండం.

దుప్పట్లు కడుతూ కడుతూ సంచీ అడుగుకి వచ్చేసరికి మేష్టారి చేతులు ఆగిపోయాయి. చిన్న దుప్పటి. గళ్ళల్లో ఏనుగులు, కుందేళ్ళు, వాటి పక్కన పెద్ద పెద్ద అంకెలు. పాప కప్పుకున్న దుప్పటి. ఇన్నేళ్ళుగా అది బీరువాలో ఉందనే ఆయనకు తెలియదు. కుడి మూలకి కట్టమన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకు తెలుసు! కప్పక తప్పనప్పుడు దాని దుప్పటే దానికి కప్పమని పంపింది.

ఆయన మేకుకు దారం ముడేయడానికి చాలాసేపు పట్టింది.

పరీక్ష చూడ్డానికి పై ఊరి నుంచి పరిశీలకురాలు వచ్చింది. మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో సీలు వేసిన కట్ట. చిన్నపిల్లే, మేష్టారి దగ్గర చదువుకునే వయసు దాటి పదేళ్ళయి ఉంటుంది. గది చుట్టూ చూసి కుడి మూల దగ్గర ఆగింది.

"దీని మీద అంకెలున్నాయి."

"దుప్పటండీ అది," అన్నారు మేష్టారు.

"అంకెలున్న దుప్పటి. లెక్కల పరీక్ష కూడా ఉంది కదండీ."

"తిరగేసి కడతాను."

తిరగేసి కట్టారు. పాతబడి పల్చబడ్డ గుడ్డ. అంకెలు వెనకనుంచి కూడా కనబడుతున్నాయి.

"ఎనిమిది తిరగేసినా ఎనిమిదే కదండీ," అంది పరిశీలకురాలు దిగులుగా. "తీసేయండి. నా పైన కూడా ఒకావిడుంది, ఆవిడ పైన ఇంకొకాయనున్నాడు."

"సరే మేడం," అన్నారు సరేసారు.

దుప్పటి ఊడింది. పాప బయటపడింది. ఇంకో దుప్పటి లేదు. మేష్టారు ఒక్క క్షణం ఆలోచించి, ఆ మూలకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డారు.

"ఇలా ఉంటానండీ. నా మీద అంకెల్లేవు."

పరిశీలకురాలు నవ్వాలో వద్దో తేల్చుకోలేక కట్ట విప్పింది. పిల్లలు గుండ్రాలు నింపడం మొదలుపెట్టారు. మేష్టారు మబ్బు కింద మేకు కొట్టినట్టు నిలబడ్డారు. పరీక్ష అలా సజావుగా సాగిపోయేదే, బాగుచేత ఇంజనీరు టేపు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం కాకపోతే.

"బిల్లు రాయడానికి బొమ్మలు కొలవాలి సార్. మొన్న ఫోన్లో ఇవాళ రమ్మన్నారు కదా?"

సరేసారు మొహంలో రంగు మారింది. ఈయనకీ సరే అన్నారు, ఆవిడకీ సరే అన్నారు. రెండు సరేలూ ఒకే రోజు మీద పడతాయని ఆయన అనుకోలేదు.

"పరీక్ష జరుగుతోంది," అంది పరిశీలకురాలు.

"నాకు మాటలక్కర్లేదమ్మా, గోడ చాలు. కనబడని బొమ్మ వేసినట్టు ఎలా రాయను?" అంటూ ఇంజనీరు ఓ దుప్పటి చివర ఎత్తాడు. ఆవిడ వచ్చి దించింది. అతను రెండోది ఎత్తాడు. ఆవిడ దాన్నీ దించింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సరేసారు ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరికీ సరే సరే అంటున్నారు. ఇంజనీరు వంగి మేష్టారి చంక కిందనుంచి తొంగి చూశాడు.

"భలే ఉందండీ ఈ పిల్ల! నాలుక చూడండి! ఎవరండీ?"

మేష్టారు చెయ్యి దించి ఆ సందు మూసేశారు. "వానలో పిల్ల," అన్నారు.

ఇంత గొడవలో కిటికీలన్నీ మూసి ఉన్న సంగతి అందరూ మరిచిపోయారు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, "సార్, ఉక్క," అంది. ఎవరైనా ఏదైనా అడిగితే సరేసారుకి నోటికంటే ముందు చెయ్యే ఆడుతుంది. స్విచ్చి నొక్కేశారు. కొత్త ఫ్యాన్లకు వేగం తగ్గించే మీట ఇంకా పెట్టలేదు. తిరిగితే తుపానులా తిరుగుతాయి, లేదంటే ఊరుకుంటాయి. దుప్పట్లు తెరచాపల్లా లేచాయి. వాటి కిందనుంచి సముద్రం లేచింది, సూర్యుడు లేచాడు, వాన మొదలైంది. జవాబు పత్రాలు పక్షుల్లా గది నిండా ఎగిరాయి. "వానా! వానా!" అని పిల్లలు బెంచీలెక్కి చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఆ గదిలో ఏడాదిగా అంత ఆనందంగా ఎప్పుడూ లేరు.

ఫ్యాను ఆగాక పరిశీలకురాలు నెమ్మదిగా చెప్పింది. మాటల్లో కోపం లేదు, అదే భయంగా ఉంది.

"విరామం తర్వాత రెండో పరీక్ష ఉంది. అప్పటికి ఈ గోడ తెల్లగా లేకపోతే ఈ గది పరీక్ష రద్దని రాయాలి. రద్దయిన బడి పిల్లల్ని వేరే బడిలో కలిపేస్తున్నారు. మీకూ తెలుసుగా."

"మాటలు చెరిపేస్తానమ్మా," అన్నారు మేష్టారు. "ఆవిరి, మబ్బు అని రాసినవన్నీ చెరిపేస్తాను. బొమ్మ ఉంచండి. పోనీ, ఆ మూల ఒక్కటీ ఉంచండి. తడుస్తున్న పిల్లని చూసి ఎవరు ఏ జవాబు రాస్తారు?"

ఆవిడ తల అడ్డంగా ఊపి, చెదిరిన పత్రాలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"సామాన్ల గదిలో తెల్లరంగు డబ్బాలు మిగిలాయి," అన్నారు సరేసారు. "ఎవరినైనా పిలిచి..."

"ఎవరూ వద్దు సార్. నా చేత్తో వేసింది, నా చేత్తోనే పోనివ్వండి."

అందుకు సరేసారు సరే అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మేష్టారు సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. లోపల్నుంచి దబదబా చప్పుడు వినిపించింది. పాపం తల బాదుకుంటున్నారనుకుని ఎవరూ తలుపు తట్టలేదు. కాసేపటికి ఆయన జుట్టంతా తెల్లగా, చేతిలో బకెట్టుతో బయటికొచ్చారు. సముద్రం దగ్గర మొదలుపెట్టారు. సూర్యుడు పోయాడు, మబ్బులు పోయాయి, ఒక్కొక్క పిల్లా పోయింది. కుడి మూల చివరికి మిగిలింది. అక్కడ కుంచె ఆగింది. పిల్లలు విరామం మానేసి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మేష్టారు కళ్ళు మూసుకుని కుంచె లాగారు.

రెండో పరీక్ష ప్రశాంతంగా జరిగింది. ఆ రోజు రెండు పరీక్షల్లోనూ వాన గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక దుప్పట్లు తీసుకెళ్దామని భార్య వచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క అడుగు తటపటాయించి లోపలికొచ్చి, మూడో తరగతి బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. చాలాసేపు తెల్లగోడను చూసింది.

"మొహం మీద కూడా వేశారా?"

"వేశాను."

ఆవిడ చూపు కుడి మూల మీదే నిలిచింది.

"నీకెలా తెలుసు? కుడి మూలనుందని?"

"ప్రతి ఆదివారం కూరలకని పొద్దున్నే ఎక్కడికి పోతున్నాననుకున్నారు? ఆ కిటికీ రెక్క గడియ పడదు. దాని బయట నిలబడి నిలబడి, బజారుకి ఎండెక్కాక పోతా. మనింట్లో ఎప్పుడూ వాడిపోయిన కూరలే ఎందుకుంటాయని మీరొక్కనాడైనా అడిగారా?"

"నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"నేను చూస్తున్నానని తెలిస్తే మీరు బాధపడతారని నేనూ చెప్పలేదు. ఇద్దరికిద్దరం."

మేష్టారు లేచారు. మూలనున్న కుండలో నీళ్ళు చెంబుతో ముంచి, గోడ దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"తెల్లరంగు ముట్టుకోలేదు నేను. బొమ్మ నూనె రంగులది. దాని మీద పూసింది సుద్దముక్కల పొడి, నీళ్ళూ. రోట్లో దంచినట్టు దంచాను. తడిగుడ్డ పెడితే పోతుంది."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కొంగు చివర తడిపి తనే తుడిచింది. ముందు ఊడిన రిబ్బను వచ్చింది. తర్వాత చెంప, ఆ తర్వాత చాపిన నాలుక.

"ఇదేం బొమ్మండీ, పిల్ల చేత నాలుక బయట పెట్టించారు!"

"అలాగే పెట్టేది కదా."

"పెట్టేది," అంది ఆవిడ. నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే గోడకు నుదురు ఆనించింది. "ఆ రోజు తడవనీ అన్నది మీరే. వీధి తలుపు తీసింది నేనండీ. మీరనకపోయినా తీసేదాన్ని."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆ ఇద్దరి మధ్యకి రావడం అదే మొదలు. చీకటి పడేదాకా వాళ్ళక్కడే కూర్చుని పాప గురించి మాట్లాడుకున్నారు. తుడిచిన మేరకు గోడ మీద వాన పడుతూనే ఉంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. పరిశీలకురాలు మంచిపిల్ల. గది రద్దు చేయకపోవడమే కాదు, మేష్టారి మీద జాలితో నాలుగు మంచిమాటలు కూడా రాసి పంపింది. విరామంలోనే గోడ తెల్లబరిచిన బడి ఇదొక్కటేననీ, మిగతావాళ్ళు చూసి నేర్చుకోవాలనీ రాసింది. పైవాళ్ళకు అది తెగ నచ్చింది. పరీక్ష జరిగే ప్రతి గదికీ ఇకమీదట శాశ్వతంగా తెల్లగోడలే ఉండాలని ఉత్తర్వు వచ్చింది. సరేసారు సరే అన్నారు. ఈసారి పూత కూడా బాగుచేత కిందికే వచ్చింది కాబట్టి, గోడకు మెత్తే లప్పం డబ్బాలూ అసలైన రంగూ తీసుకుని ఆ ఇంజనీరే వచ్చాడు. గోడ మీది పిల్ల ఎవరో అప్పటికి అతనికి తెలిసింది. మేష్టారి మొహం చూడలేక టేపుని చుట్టడం, విప్పడం చేస్తున్నాడు.

"నేను రానని చెప్పానండీ. అయితే ఇంకొకడొస్తాడన్నారు."

"నువ్వే వెయ్యి నాయనా," అంది మేష్టారి భార్య. ఆ రోజు ఆవిడ కూడా వచ్చింది. "సముద్రం దగ్గర్నించి మొదలుపెట్టు. ఆ మూల చివర్లో వేద్దువుగాని. మేమిక్కడ కూర్చుంటాం."

ఇంజనీరు అలాగే చేశాడు. రెండు పూతలు వేశాడు. అది ఏ తడిగుడ్డకీ పోయే రంగు కాదు.

మరుసటి ఏడు పరీక్ష పద్ధతి మళ్ళీ మారింది. గుండ్రాలు పోయాయి. బొమ్మల్లేని గదుల్లో పిల్లల బుర్ర ఎదగడం లేదని పైవాళ్ళు కనిపెట్టారు. మేష్టారు ఆ మాట విని కుంచెలు కడుక్కుని ఎండబెట్టుకున్నారు. భార్య పాత చీర చింపి గుడ్డ పేలికలు కూడా సిద్ధం చేసింది. కానీ ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు గీస్తే కొలవడం కష్టమని, అన్ని బడులకూ ఒకటే బొమ్మ అచ్చేసి పంపారు. మూడో తరగతికి మళ్ళీ వానే వచ్చింది. అందులో పిల్లలందరికీ గొడుగులున్నాయి, ఒక్కరూ తడవలేదు.